ఒకే గదిలో ఉండి మాట్లాడుకోరేం?

తెలుగు సీరియల్లో మొగుడూ పెళ్ళాం మనసు విప్పి ఒక్క పది నిమిషాలు మాట్లాడుకోగా మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు. దీపం పెట్టిన దగ్గర్నుంచి రాత్రి పదింటి దాకా మా బాలానగర్ ఇంట్లో టీవీ మోగుతూనే ఉంటుంది. మా కోడలు కత్తిపీట ముందేసుకుని చూస్తుంది, పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నేనూ చూస్తాను. విషం కలిపిన పాలు చూశాను. ఆసుపత్రిలో తారుమారైన పసిబిడ్డల్ని చూశాను. చచ్చిపోయి వేరే మొహంతో తిరిగొచ్చినవాళ్ళనీ చూశాను. ప్రేమ మాత్రం కనబడదు. పేరులోనే ప్రేమ పెట్టుకున్న సీరియల్లోనూ కనబడదు.

నాకు డెబ్బై దాటాయి. ఈ వయసులో నీకు ప్రేమ గోలేమిటమ్మా అంటాడు మా అబ్బాయి. ఈ వయసు వచ్చాకే నాయనా, ఏది ప్రేమో ఏది కాదో తేలిగ్గా తెలిసిపోయేది. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

ఒక రాత్రి సీను చెబుతాను. ఛానెల్ ఏదైనా ఇంతే. పెద్ద బంగళాలో పడగ్గది. అర్ధరాత్రయినా హీరోయిన్ పట్టుచీర మార్చదు, నగలు తీయదు. ఆయన మంచం మీద, ఈమె కింద చాప మీద. ఇద్దరూ మంచం మీదే ఉంటే మధ్యలో దిండ్ల గోడ. ఈమె స్టూలెక్కి బీరువా మీది దుప్పటి అందుకోబోతుంది. స్టూలు కదులుతుంది, ఈమె పడుతుంది, ఆయన పట్టుకుంటాడు. ఎక్కడిదో గాలి వచ్చి జుట్టు ఎగురుతుంది. ఏదో పాత సినిమా పాట ముక్క వేస్తారు. కెమెరా మూడు వైపుల నుంచి తిరుగుతుంది. ఆ కళ్ళలో ఏమన్నా ఉందేమోనని నేను ముందుకు వంగి మరీ చూస్తాను. ఏమీ ఉండదు. పాట అయిపోతుంది. ఆయన సారీ అంటాడు, ఈమె పర్లేదండీ అంటుంది. దుప్పటి కప్పుకుని ఎవరి పక్క మీద వాళ్ళు పడుకుంటారు.

తలుపు సందులోంచి ఇదంతా చూసిన పిన్నత్తగారు మాత్రం పడుకోదు. హాల్లోకి వచ్చి ఒక్కతే నిలబడి పళ్ళు కొరుకుతుంది. ఈ పిల్ల ఇంట్లోంచి పోవాలి, ఆస్తి నా కొడుక్కి రావాలి, వీళ్ళిద్దరూ ఒక్కటి కాకూడదు. ఆవిడకేం కావాలో మనకు చక్కగా తెలుస్తుంది. ఆవిడ గొంతులో వేడి ఉంటుంది, కళ్ళలో తడి ఉంటుంది, రాసినాయన కూడా ఆవిడ మాటల మీదే మనసు పెడతాడు. నా ఫిర్యాదంతా ఇక్కడే ఉంది. ఈనాటి సీరియల్లో ఏదన్నా గట్టిగా కోరుకునేది విలన్ ఒక్కతే. మంచివాళ్ళకు కోరికే లేదు. ఓర్చుకోవడం ఉంది, త్యాగం ఉంది, మంగళసూత్రం కళ్ళకద్దుకుని ఏడవడం ఉంది. నాకు నువ్వు కావాలి అని మాత్రం ఎవరూ అనరు.

మా రోజుల్లో మంచిపిల్లలే కోరుకునేవాళ్ళు.

1972లో నేను కొత్త కోడలిగా బాలానగర్ వచ్చాను. మా ఆయన మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్‌లో ఫిట్టర్. అప్పటికింకా ఈ ఫ్లైఓవర్లూ మెట్రో స్తంభాలూ ఏవి? ఫ్యాక్టరీలు, షిఫ్టు సైరన్లు, సైకిళ్ళ బారులు, లేతు మిషన్ల చప్పుడు. సాయంత్రమైతే ఆడవాళ్ళం వాకిళ్ళలో చేరేవాళ్ళం. టీవీ లేదు. హైదరాబాద్ దూరదర్శన్ వచ్చిందే 1977లో, మా ఇంటికి టీవీ వచ్చింది ఆ తర్వాత చాలా కాలానికి. మాకు సీరియల్ అంటే వారపత్రికలో వచ్చేదే. వీక్లీ వచ్చే రోజున మా ఆయన డ్యూటీ దిగి, పుస్తకం కొని, సైకిల్ స్టాండులోనే నిలబడి ఆ వారం భాగం చదివేసేవారు. ఇంటికొచ్చి పుస్తకం చొక్కా లోపల దాచి, నీ హీరోయిన్ ఉత్తరం చింపేసిందిలే అనేవారు. ఇంకో ముక్క చెప్పమంటే చెప్పరు. పుస్తకం ఇవ్వమంటే ఇవ్వరు. పైగా అన్నం తింటూ వాదన. అతను క్షమాపణ అడగాలా, ఈమె ముందు పలకరించాలా? ఆయన అతని పక్షం, నేను ఈమె పక్షం. పెళ్ళి చూపుల్లో ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోని మాకు, ఒకరి మనసు ఒకరికి తెలిసింది ఆ వాదనల్లోనే. కథలోవాళ్ళు మాట్లాడుకుంటే చదివే ఇంట్లోనూ మాట నేర్చుకుంటారు.

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' అప్పటికి పుస్తకంగా వచ్చి అద్దె లైబ్రరీల్లో అట్టలు ఊడేలా తిరుగుతోంది. 1960లలో 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల అది. ఎంతోమంది చేతులు మారిన పుస్తకం, చివరి పేజీలకు దారం కుట్టు. అందులో జయంతి ఉద్యోగం చేసుకు బతికే అమ్మాయి, రాజశేఖరం డబ్బున్నవాడు. ఆమెకు అతను కావాలి. అది ఆమెకూ తెలుసు, మనకూ తెలుసు. కానీ తలవంచి మాత్రం వద్దు. తన గౌరవం తనకు మిగలాలి, అతనూ దక్కాలి. ఆ రెండింటి మధ్య నలిగిన పిల్ల కథ అది. ముట్టుకోవడాల్లేవు, పట్టుకోవడాల్లేవు. ఒక మాట అని, ఆ మాట మిగిల్చిన మంటతో రాత్రంతా మేలుకోవడమే ఉంది. అవన్నీ కలల రాజకుమారుల కథలని, ఆడపిల్లల్ని చెడగొట్టాయని అన్న పెద్దమనుషులున్నారు. నాకు తెలిసినంతలో అవి చెడగొట్టలేదు. ఇంటిగోడల మధ్య పెరిగిన ఆడపిల్లకు, నీకూ ఒక కోరిక ఉండొచ్చు, దాన్ని నోరు తెరిచి అనొచ్చు అని చెప్పింది సులోచనారాణే. 'సెక్రటరీ' 1976లో సినిమాగా వచ్చింది, అక్కినేని, వాణిశ్రీ. దానికి ముందే 1973లో 'మీనా', 'జీవన తరంగాలు' వచ్చాయి, ఆవిడ నవలలే. 2018లో ఆవిడ పోయారని తెలిసిన రోజు నాకు మా సొంత మనిషి పోయినట్టే అనిపించింది.

'మరో చరిత్ర' సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1978. బాలచందర్ తీసిన సినిమా. రంగుల సినిమాలు రాజ్యమేలుతున్న కాలంలో నలుపు తెలుపుల్లో తీశాడు. బాలు తమిళ కుర్రాడు, స్వప్న తెలుగు పిల్ల, విశాఖపట్నం సముద్రం. అతనికి ఈమె భాష రాదు, ఈమెకు అతని భాష రాదు. అయినా వాళ్ళు మాట్లాడుకున్నంతగా తెలుగు తెర మీద మరే జంటా మాట్లాడుకోలేదని నేను గట్టిగా చెబుతాను. లిఫ్టులో సినిమా పేర్లన్నీ గుచ్చి పాట పాడాడు. ఇంట్లో అతని ఫొటో తగలబెడితే, ఆ బూడిద కప్పులో కలుపుకుని తాగేసింది ఆ పిల్ల. సరిత అప్పటికి చిన్నపిల్ల, అదే మొదటి సినిమా. ఆ కప్పు ఎత్తినప్పుడు ఆమె ఏడవదు, అరవదు. కళ్ళు ఇంత పెద్దవి చేసి తల్లి వైపు చూస్తూ తాగుతుంది. హాల్లో నా పక్కన కూర్చున్న ముసలమ్మ, అయ్యో తల్లీ అని పైకే అనేసింది. అదీ తాపం అంటే. ఒళ్ళు తగలకుండా, ఒక్క మాట లేకుండా, హాలంతా ఒళ్ళు జలదరించేలా.

భాష రాని ఇద్దరు అంత మాట్లాడుకున్నారు. ఇప్పటి సీరియల్లో ఒకే ఇంట్లో, ఒకే గదిలో, ఒకే భాషలో ఉన్న ఇద్దరు ఏళ్ళ తరబడి ఒక్క ప్రశ్న అడుక్కోరు. 'కార్తీక దీపం' చూడండి. 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా, పదిహేను వందల పైచిలుకు ఎపిసోడ్లు నడిచింది. రాత్రి ఏడున్నరకు మా వీధిలో ఏ ఇంటి ముందు నుంచి వెళ్ళినా వంటలక్కగా పేరుపడ్డ నాయిక దీప గొంతే. మలయాళంలో 'కరుత్తముత్తు'గా వచ్చిన కథ అది, అందులోనూ మొదట నాయికగా వేసింది ఇక్కడ దీపగా వేసిన ప్రేమీ విశ్వనాథే. ఆమెను నేను తప్పు పట్టను. ఆ పిల్ల కళ్ళతోనే సీరియల్ అంతా మోసింది. కానీ కథేమిటి? కార్తీక్ డాక్టరు. తనకు పిల్లలు పుట్టరని ఎవరో చెప్పగా నమ్మాడు. కడుపుతో ఉన్న భార్యను అనుమానించాడు. పిల్లలు పుట్టి, పెరిగి, బడికెళ్ళి, నాన్నా అని పిలిచేదాకా ఆ అనుమానం నడిచింది. డాక్టరై ఉండి ఒక్క పరీక్ష చేయించుకోడు. దీపను ఎదురుగా కూర్చోబెట్టి నిజం చెప్పు అని అడగడు. అడిగి, నమ్మలేక, నమ్మకుండా ఉండలేక, మళ్ళీ ఆమె గుమ్మం ముందుకే వచ్చి నిలబడి ఉంటే అది ప్రేమకథ అయ్యేది. మరి ఆ సీరియల్లో ప్రేమతో రగిలిపోయిందెవరు? మోనిత. కార్తీక్ కావాలని అబద్ధాలాడింది, నేరాలు చేసింది, కటకటాల వెనకా కార్తీక్ పేరే జపించింది. ప్రేమంతా తీసుకెళ్ళి విలన్ ఒళ్ళో పోశారు, దీపకు మిగిల్చింది కన్నీళ్ళు.

ఇప్పుడు పెళ్ళిళ్ళూ అలాగే ఉన్నాయి. ఇష్టపడి చేసుకునేవాళ్ళు తక్కువ. 'బ్రహ్మముడి'లో అక్క కోసం వేసిన పీటల మీద చెల్లెలు కూర్చోవలసి వచ్చింది. ఇంకోదాంట్లో గుళ్ళో తోపులాటలో తాళి పడుతుంది, మరోదాంట్లో పంతానికి కడతాడు. ముడి పడ్డాక ప్రేమ దానంతటదే పుడుతుందని ఏళ్ళ తరబడి మనల్ని కూర్చోబెడతారు. ఆ పిల్లకు అతను నచ్చాడా అని ఒక్కరూ అడగరు. మా కాలంలో పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళే అన్నీ, నాదీ అదే. అయినా మా కథల్లో ఆడపిల్ల ఎంచుకునేది. బయట దొరకని స్వేచ్ఛ కథలోనైనా ఉండేది. ఇప్పుడు బయట ఆడపిల్లలు తమ బతుకు తామే ఎంచుకుంటున్నారు, కథలో మాత్రం ఆ స్వేచ్ఛ లాక్కున్నారు.

ఎందుకిలా అయింది? మా వీధి కుర్రాడొకడు సీరియల్ షూటింగుల్లో లైట్లు పడతాడు. పండక్కి ఇంటికొచ్చినప్పుడు అడిగాను. వాడు చెప్పింది విన్నాక సగం కోపం జాలిగా మారింది. వారానికి ఆరు రోజులు ప్రసారం. ఇంచుమించు రోజుకో ఎపిసోడ్ తీసి పడేయాలి. హీరోయిన్లలో చాలామంది కర్ణాటక నుంచో కేరళ నుంచో వస్తారు, తెలుగు రాదు. కెమెరా పక్కన ఒకాయన నిలబడి డైలాగు అందిస్తుంటాడు, అది విని వాళ్ళు పెదాలు కదుపుతారు, గొంతు తర్వాత వేరొకరు చెబుతారు. ఆ పిల్ల చెవి ప్రాంప్టర్ మీద ఉంటే కళ్ళు ఎదుటివాడి మీద ఎలా నిలుస్తాయి? ఒక్కోసారి హీరో పొద్దున వచ్చి తన క్లోజప్పులు చేసేసి వెళ్ళిపోతాడట, మధ్యాహ్నం హీరోయిన్ గోడకేసి చూస్తూ తనవి చేస్తుందట. మనం ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటున్నారని అనుకున్నది ఇదన్నమాట. పరభాష నుంచి వచ్చిన నటులు మనకు కొత్త కాదు, పరాయి గొంతూ కొత్త కాదు. కానీ అప్పట్లో వాళ్ళకు ఒక సీనుకు రోజంతా ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు గంట కూడా ఇవ్వరు.

కథలేమో బెంగాల్ నుంచి, కేరళ నుంచి. 'గుప్పెడంత మనసు' బెంగాలీ 'మొహర్'. 'ఇంటింటి గృహలక్ష్మి' బెంగాలీ 'శ్రీమొయీ'. 'బ్రహ్మముడి' కూడా బెంగాలీ కథే. తెచ్చుకోవడం తప్పు కాదు. బెంగాలీ రచయిత శరత్‌ను తెచ్చుకునే కదా 1953లో మనవాళ్ళు 'దేవదాసు' తీశారు. ఆ దేవదాసు మన ఊరివాడిలాగే మాట్లాడాడు, పార్వతి మన పక్కింటి పిల్లలాగే అలిగింది. తెచ్చుకున్నదాన్ని మనది చేసుకునే ఓపిక అప్పుడుంది.

అన్నిటికన్నా పెద్ద కారణం వేరు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే కథ అయిపోతుంది. కథ అయిపోతే రేటింగ్ పోతుంది. దూరదర్శన్ మొదటి రోజుల్లో సీరియల్ అంటే పదమూడు వారాలు. ఆ పదమూడు వారాల్లో మొదలెట్టి, రగిలించి, ముగించాలి. రాసేవాడికి ఆ తొందర మంచి చేసింది. తర్వాత రోజూ వచ్చే సీరియల్ వచ్చాక కూడా మంజులా నాయుడు 'ఋతురాగాలు', 'చక్రవాకం', 'మొగలిరేకులు' తీశారు. అవీ పొడుగే, వాటిలోనూ ఏడుపులున్నాయి. కానీ వాటిలో మనుషులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. 'మొగలిరేకులు'లోని ఆర్కే నాయుడు అంటే ఇప్పటికీ మా వీధి ఆడవాళ్ళు చేస్తున్న పని ఆపి తల తిప్పుతారు.

ఇంట్లో పిల్లలూ పెద్దలూ కలిసి చూసేది కదా, అందుకే ప్రేమ ఎక్కువ చూపించరు అంటారు కొందరు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అన్నం తినే వేళ మామగారికి విషం పెట్టడం చూపించొచ్చు. కడుపుతో ఉన్న పిల్లను మెట్ల మీద నుంచి తోసేయడం చూపించొచ్చు. మొగుడు పెళ్ళాం చెయ్యి పట్టుకుని, నువ్వు లేని ఇల్లు నాకు ఇల్లు కాదు అంటే మాత్రం సంసారపక్షం కాదా? బమ్మెర పోతన కన్నా సంసారపక్షం ఎవరు? పెళ్ళి కుదరని పిల్ల చేత రుక్మిణీ కల్యాణం చదివించమని చెప్పింది మన పెద్దలే కదా. ఏముంది అందులో? అన్న శిశుపాలుడికి ఇద్దామనుకుంటే, పదహారణాల ఆడపిల్ల బ్రాహ్మణుడి చేత కృష్ణుడికి కబురు పంపింది. నిన్నే కోరుకున్నాను, వచ్చి తీసుకుపో, ఎక్కడికి ఎప్పుడు రావాలో కూడా చెబుతున్నాను, ఈ జన్మలో కాకపోతే నూరు జన్మలకైనా నిన్నే పొందుతాను అంది. మా అమ్మమ్మ దేవుడి గదిలో పీట వేసి, దీపం పెట్టి, నా చేత అది నలభై రోజులు చదివించింది. ఆ పద్యాలు చదివి పెరిగిన పిల్లనండీ నేను. నాకు స్టూలు మీద నుంచి పడే హీరోయిన్ని చూపించి ఇదే ప్రేమ అంటే ఎలా?

మా మనవరాలు రాయదుర్గం దగ్గర సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తుంది. బాలానగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి వెళుతుంది. దారంతా ఫోన్లో కొరియా సీరియళ్ళు. ఒక ఆదివారం నన్నూ పక్కన కూర్చోబెట్టుకుంది. 'క్రాష్ లాండింగ్ ఆన్ యూ' అట. దక్షిణ కొరియా డబ్బున్న పిల్ల గాలివానలో ఎగిరిపోయి సరిహద్దు దాటి ఉత్తర కొరియా సైనికుడి ముందు పడుతుంది. మొత్తం పదహారు భాగాలు. కింద అక్షరాలు నేను చదవలేకపోతే మనవరాలే చదివి చెప్పింది. ఆ అబ్బాయి ఎక్కువ మాట్లాడడు. ఆమె అలవాటు పడిన కాఫీ కోసం గింజలు సంపాదించి, ఇంట్లోనే వేయించి, దంచి కాచి ఇస్తాడు. అంతే. నాకు కళ్ళు చెమర్చాయి. ఎందుకంటే ఆ పిల్లకేం కావాలో అతను గమనించాడు. ఇద్దరి మధ్యా రెండు దేశాల తుపాకులున్నాయి, అయినా ఒకరి కోసం ఒకరు అడుగు వేస్తారు. అడ్డం బయట ఉంది, మనసుల్లో లేదు. మన సీరియల్లో బయట ఏ అడ్డమూ లేదు, అనుమానమే అడ్డం.

మా మనవరాలి ఈడు పిల్లలు ఎందరో ఇలాగే కొరియా వాళ్ళ ప్రేమ చూస్తున్నారని విన్నాను. నాకు నిజంగా బాధగా ఉంది. మల్లీశ్వరి, నాగరాజు మనవాళ్ళు. పల్లకీ వచ్చి మల్లిని రాయల అంతఃపురానికి ఎత్తుకుపోతే, రాళ్ళు చెక్కుకునే బావ ప్రాణానికి తెగించి కోట లోపలికి వెళ్ళాడు. 1951లోనే బి.ఎన్. రెడ్డి 'మల్లీశ్వరి' సినిమాగా తీసి చూపించాడు. ప్రేమించడం మనకు ఒకరు నేర్పాల్సిన అవసరం ఎప్పుడూ లేదు. మన పిల్లకు ప్రేమ కథ కావాలంటే సముద్రాలు దాటి వెతుక్కోవాలా?

ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. 'గుప్పెడంత మనసు'లో రిషి, వసుధార జంటకు ఇంత మంది ప్రాణం పెట్టింది ఊరికే కాదు. 2020 చివర్లో మొదలైన ఆ సీరియల్లో కొన్నాళ్ళు ఆ ఇద్దరూ నిజంగా మాట్లాడుకున్నారు. అతనికి కోపం, ఆమెకు పంతం, కారులో పక్కపక్కనే కూర్చుని వాదించుకునేవాళ్ళు. ఒకరు ఏమంటారోనని ఇంకొకరు ఆగి వినేవాళ్ళు. మా కోడలు ఆ వారాల్లో కూర మాడ్చింది, నేను ఒక్క మాట అనలేదు. తర్వాత మళ్ళీ కుట్రలు, కిడ్నాపులు, ఎవరో ఒకరు మాయమవడాలు వచ్చి పడ్డాయి. మరుగుతున్న పాల మీద నీళ్ళు చల్లినట్టు పొంగు దిగిపోయింది. అంటే ఇష్టపడేవాళ్ళు ఉన్నారు. రాయగలిగినవాళ్ళూ ఉన్నారు. రాయనివ్వడం లేదు.

ఓటీటీలో వచ్చే తెలుగు సిరీసుల సంగతి ఎక్కువ చెప్పను. అక్కడ ముద్దులకు కొదవ లేదు, బూతులకూ లేదు. ముద్దు పెట్టుకున్న ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి ఏం తెలుసని అడిగితే సమాధానం ఉండదు. నాకు కావలసింది అది కాదు.

నాకు కావలసింది చిన్నదే. సీరియల్ రాసే బాబులకు, తల్లులకు, ఛానెళ్ళలో కూర్చుని సరే, కాదు అనేవాళ్ళకు చెబుతున్నాను. ఒక్క ఎపిసోడ్. ప్రకటనలు పోగా మీకు మిగిలే ఆ ఇరవై నిమిషాల చిల్లర. ఒకే గది, ఇద్దరే మనుషులు. ఆమెను నేత చీరలో కూర్చోబెట్టండి. తలుపు చాటున ఎవరినీ నిలబెట్టకండి. ఉరుములు, పాట ముక్కలు వద్దు. ప్రాంప్టర్‌ని కాసేపు టీ తాగి రమ్మనండి. ఆ పిల్లకు తెలుగు రాకపోతే నాలుగు రోజుల ముందే మాటలిచ్చి నేర్పండి, ఆడపిల్లలు చక్కగా నేర్చుకుంటారు. ఆమెను అడగనివ్వండి, నేను నీకు కావాలా వద్దా అని. అతన్ని తప్పించుకోకుండా జవాబు చెప్పనివ్వండి. రేటింగ్ పడిపోతుందని భయమైతే ఏ రోజు వేస్తారో ముందుగా చెప్పండి. ఈ వీధిలో ఆడవాళ్ళందరినీ మా ఇంట్లో కూర్చోబెట్టే పూచీ నాది, ఆ రాత్రికి చిక్కుడుకాయలు కూడా తెప్పించను.